నాగా లెక్క

మా అయ్యకి సెలవు అనే మాట తెలవదు. ఆయనకి తెలిసిన మాట నాగా. ఉగాది నుంచి ఉగాదికి జీతం ఒప్పుకున్న పాలేరు పనిలోకి రాని రోజు నాగా. ఆసామి గొడ్ల సావిడి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలుండేవి. ఒక గీత ఒక నాగా. ఏడాది చివర ఆ గీతలన్నీ లెక్కేసి, అన్ని రోజులు ఉగాది దాటినాక ఊరికే పని చెయ్యాలి. పెళ్ళికి పోయినా నాగానే. చావుకి పోయినా నాగానే. జొరమొచ్చి కుక్కి మంచంలో పడున్నా నాగానే. గీత గీసే చేతికి కారణంతో పని లేదు.

నాగా తప్పించుకోవడానికి ఒక దారి ఉండేది. బదులు మనిషిని పంపడం. 1982లో అయ్య జొరంతో పడినప్పుడు ఆ బదులు మనిషిని నేను. నాకు పదేళ్ళు. ఎనిమిది రోజులు సావిట్లో పేడ తీశాను, గొడ్లకి కుడితి పెట్టాను, మోయలేని చొప్పకట్టలు మోశాను. ఎనిమిది గీతలు తప్పినయ్యని అమ్మ సంతోషపడింది. బళ్ళో హాజరుపట్టీలో మాత్రం నా పేరుకి ఎదురుగా ఎనిమిది సున్నాలు పడినయ్. అయ్య నాగా నా మీద పడింది. తొమ్మిదో రోజు పంతులు బెత్తం ఊపుతూ, "మీవాళ్ళకి చదువు మీద ధ్యాస ఉండదురా" అన్నాడు. నేనెక్కడికి పోయానో ఆయన అడగలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం అప్పటికే 1976లో వచ్చింది. మా ఊరి సావిడి గోడ దాకా మాత్రం రాలేదు.

1998లో నాకు ఉద్యోగం వచ్చింది. జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. బ్యాక్‌లాగ్ పోస్టు. ఆ బ్యాక్‌లాగ్ అనే మాట ఆఫీసులో నాకు ఇంటిపేరైంది. "ఏ సెక్షన్? ఆ... బ్యాక్‌లాగ్ కుర్రాడు" అనేవాళ్ళు. చేరిన నలభయ్యో రోజు రాత్రి నాకు చలిజొరం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకమంటున్నయ్. తెల్లారేసరికి ఒళ్ళంతా చెమట. లేచి కూర్చుని ఆలోచించాను. ఆఫీసుకి పోవాలా, మానాలా?

ఇందులో ఆలోచించేదేముంది, జొరమొస్తే మానేస్తారు, తగ్గితే పోతారు అని మీరనుకోవచ్చు. నాతో పాటు అదే వారం చేరిన ఇంకో కుర్రాడు అట్లాగే చేశాడు. వాళ్ళ అక్క పెళ్ళికని మూడు రోజులు, జలుబని ఒక రోజు మానాడు. ఎవరూ ఏమీ అనలేదు. అతను మానితే అతనొక్కడే మానినట్టు. నేను మానితే మా గూడెం మొత్తం మానినట్టు. "చూశారా, నెల తిరక్కముందే సెలవు చీటీ. వీళ్ళకి రిజర్వేషన్లిచ్చి నెత్తికెక్కించుకున్నారు" అనే మాట ఇంకా ఎవరూ అనకముందే నా చెవుల్లో మోగింది. నాకంటే ముందు చేరినవాళ్ళ గురించి ఆ మాటలు నేను స్వయంగా విన్నాను. నా తర్వాత రాబోయేవాడి ఉద్యోగం కూడా నా ఒంటి మీద ఆధారపడి ఉందనిపించింది.

మా ఆఫీసులో అటెండరు ఒకాయన మావాళ్ళే. ఆయన ఇల్లు నా గదికి దగ్గర. పొద్దున్నే వచ్చి నన్ను చూసి, "పడుకో తమ్ముడూ. చీటీ రాసియ్యి, నేనిస్తా సూపరింటెండెంటు గారికి" అన్నాడు.

"కొత్త కదన్నా" అన్నాను.

"కొత్తోడికి జొరం రాదా?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండానే చొక్కా తొడుక్కుని పోయాను.

చలిజొరంతో ఇంకో తిప్పలుంది. అది దినం విడిచి దినం వస్తుంది. ఒకరోజు మూలుగుతాం, మర్నాడు లేచి మామూలుగా తిరుగుతాం. తెలియనివాడికి అది నాటకంలాగే కనపడుతుంది. మంగళవారం సెలవు పెట్టి బుధవారం నవ్వుతూ వస్తే ఏమంటారు? ఆ భయంతో జొరం లేని రోజు రెండు రోజుల పని చేశాను. జొరం ఉన్న రోజు బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆ మూడో రోజున డిస్పాచ్ రిజిస్టర్లో నంబర్లు తారుమారు చేశాను. ఒకరికి పోవలసిన కాగితం ఇంకొకరికి పోయింది. మెమో ఇచ్చారు. సంజాయిషీ అడిగారు. నేను "నా అజాగ్రత్త వల్ల జరిగింది, ఇకముందు జరగనివ్వను" అని రాసిచ్చాను. జొరం అని రాయలేదు. రాస్తే సాకు అంటారని.

ఏ మాట వస్తుందని భయపడి జొరంతో పోయానో ఆ మాట రానే వచ్చింది. "వీళ్ళకి పని రాదు." ఐదో రోజు వరండాలో పడిపోయాను. ప్రభుత్వాసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు, క్లోరోక్విన్ మాత్రలిచ్చారు. నీరసం తగ్గి మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి పన్నెండు రోజులు పట్టింది.

అప్పుడు మొదటిసారి రూళ్ళ పుస్తకం తెరిచాను. ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు. నడుమ చేరినవాడికి ఆ లెక్కన కొన్ని. ఆకస్మిక సెలవు వాడుకుంటే అది డ్యూటీ కిందే లెక్క. మొదటి రోజే ఒకటి పెట్టి రక్తం చూపించుకుని ఉంటే నాకు పోయేదేమీ లేదు. ఇప్పుడు పడిన పన్నెండు రోజులూ జీతం లేని సెలవు. ప్రొబేషన్ అంటే మూడేళ్ళ లోపల రెండేళ్ళ డ్యూటీ. జీతం లేని సెలవు డ్యూటీ కాదు గనక నా ప్రొబేషన్ పన్నెండు రోజులు వెనక్కి జరిగింది. సర్వీసు రిజిస్టర్లో ఆ లెక్క చూసినప్పుడు నాకు సావిడి గోడ కనిపించింది. అయ్యకి ఉగాది జరిగినట్టు నాకు ప్రొబేషన్ జరిగింది. కాకపోతే అయ్య గీతలు ఆసామి గీశాడు. నా గీతల్లో సగం నేనే గీసుకున్నాను.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చేసిన పని మంచిదా? నిజాయితీయేనా? జొరం లేకుండా జొరం అనడం అబద్ధం. ఆ సంగతి అందరూ చెబుతారు. జొరం పెట్టుకుని బాగానే ఉన్నాననడం కూడా అబద్ధమే గదా! మొదటి అబద్ధానికి మెమో ఇస్తారు. రెండో అబద్ధాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకుంటారు గనక అది నిజాయితీలాగా చలామణి అవుతుంది. నా అబద్ధానికి నష్టపోయింది నేనొక్కణ్ణే కాదు. తప్పు చిరునామాకి పోయిన కాగితం కోసం ఎవరో పేదవాడు మళ్ళీ మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరిగే ఉంటాడు.

మా ఉద్యోగ సంఘంలో ఒక పెద్దాయన నాతో వాదించాడు. "మనం మొదటి తరం. వాళ్ళు ఒకింత చేస్తే మనం రెండింతలు చెయ్యాలి. వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదు. బాబాసాహెబ్ చక్కెర జబ్బుతోనే గదా అంత రాసింది!" ఆ మాటలో బరువుంది. అట్లా ఒళ్ళు దాచుకోకుండా పని చేసినవాళ్ళ వల్లే మాకు దారి పడింది. దాన్ని నేను తేలిక చెయ్యను.

కానీ ఒకటి అడగాలి. కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్ 1917లో బరోడా కొలువులో చేరితే బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరారు. ఆఫీసులో తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఆయన సెలవులెక్కువ పెట్టాడని విసిరారా? పని రాదని విసిరారా? ఎంత చదివి రుజువు చూపించినా చూడదలుచుకోనివాడు చూడడు. వాడి ముందు మన ఒంటిని రుజువుగా పరచడం ఎన్నాళ్ళు?

ఆ అంబేద్కరే 1928లో బొంబాయి శాసనమండలిలో, ఆడకూలీలకి కాన్పు సమయంలో సెలవూ భత్యమూ ఇవ్వాలనే బిల్లుని సమర్థించాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఆ కాలంలోనే 1944లో కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. దాని మీదనే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. తన ఒంటిని అరగదీసుకున్న మనిషి మన ఒళ్ళు అరిగిపోవాలని కోరలేదు. పెద్దాయన బాబాసాహెబ్ జబ్బుని చెప్పాడు గానీ బాబాసాహెబ్ చేసిన పనిని మర్చిపోయాడు.

సెలవుని హక్కుగా అడగరాదని ఫండమెంటల్ రూల్సులో 67వ రూలు చెబుతుంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి చేతిలో ఉంది. సరే. జబ్బు పడటం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. జబ్బు పడిన సంగతి నిజంగా చెప్పడం మన చేతిలో ఉంది.

ఇవన్నీ తెలిసినవాణ్ణని నేననుకున్నాను. 2016లో నేను సూపరింటెండెంటుని. మా సెక్షన్లో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. మన పిల్లే. రెండో నెల్లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "సార్, ఒంట్లో బాగాలేదు. ఈరోజు రాలేను."

నా నోట్లో నుంచి ఏ మాట వచ్చిందో వినండి. "చూడమ్మా, కొత్తగా చేరావు. మనవాళ్ళ మీద అందరి కళ్ళుంటయ్. ఒక్క పూట ఓర్చుకోలేవా?"

ఆ అమ్మాయి వచ్చింది. రోజంతా తల చేత్తో పట్టుకుని కూర్చుంది. సాయంత్రం పోయేముందు నా బల్ల దగ్గర నిలబడి చెప్పింది. "సార్, మీరు 'మనవాళ్ళు' అన్నారు గనక వచ్చాను. వేరే సార్ ఎవరన్నా అయితే రాకపోదును."

నాకు తల కొట్టేసినట్టయింది. వేరే అధికారి అయితే ఆమె సెలవు పెట్టుకునేది. అతను గొణుక్కున్నా ఆమె ఇంట్లో పడుకునేది. నేను మనవాణ్ణయ్యాను గనక ఆమెకి ఆ దారి కూడా లేకుండా పోయింది. ఆసామి చేతిలో బొగ్గుముక్క నా చేతికొచ్చింది. అది నాకు ప్రేమలాగా, జాగ్రత్తలాగా కనపడింది. అందుకే పోల్చుకోలేకపోయాను.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "నిన్న నేనన్నది తప్పమ్మా. డాక్టరుకి చూపించుకో. తగ్గినాకే రా" అన్నాను. ఇంతకు మించి నేను చేసిన గొప్పేమీ లేదు. అయినా ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీరు కొత్త కొలువుల్లో చేరతారు. జొరమొస్తుంది. కొత్తోడికీ వస్తుంది. లేని జబ్బు చెప్పొద్దు, ఉన్న జబ్బు దాచొద్దు. చేరిన రోజునే మీ సెలవుల రూళ్ళు చదువుకోండి. మానిన రోజు పని ఎవరి మీద పడుతుందో వాళ్ళకి ముందే చెప్పండి, వాళ్ళు మానిన రోజు మీరు చెయ్యండి. ఎవరన్నా కులం పేరెత్తితే ఆ తప్పు అన్నవాడిది.

ఇంకొక్క మాట. మీరు సెలవు చీటీ రాసే పొద్దునే మనవాళ్ళు వీధులూడుస్తుంటారు, కాలవల్లో దిగుతుంటారు. కాంట్రాక్టరు కింద పని చేసే చాలామందికి ఈనాటికీ సెలవు లేదు. నాగాయే ఉంది. రాని రోజు కూలి కోత. మనకి సెలవుందని సిగ్గుపడి దాన్ని వదులుకుంటే వాళ్ళకేమీ ఒరగదు. మన సెలవుని మనం నిలబెట్టుకోవాలి, వాళ్ళ సెలవు కోసం వాళ్ళతో కలిసి అడగాలి. మా అయ్యకి ఆ మాట నేర్పేవాళ్ళు లేకపోయారు. ఆయన పోయేదాకా తన ఒంటి జబ్బుని నాగా అనే పిలిచాడు.