కరెంటు పంచే యంత్రానికి న్యాయం తెలుసునా?

కరెంటు ఎట్ల పుడుతుందో మనము సైన్సు పాఠంలో చదువుకుంటాము. దానిని ఎట్ల పంచుకోవాలో మాత్రం ఆ పాఠంలో ఉండదు. ఉన్నది తక్కువై, కావలసినవాళ్ళు ఎక్కువైతే ఎవరికి ముందు ఇవ్వాలి? ఇది సైన్సు ప్రశ్న కాదు, న్యాయం ప్రశ్న అని నా అభిప్రాయము.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1902లో కావేరి నది మీది శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చినారు. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగినాయి. పల్లెలు మాత్రం ఎన్నో ఏండ్లు కిరోసిన్ బుడ్డీలతోనే గడిపినాయి. గనికి ముందు, గుడిసెకు తరువాత అని మనుషులే తీర్మానించినారు.

ఇప్పుడు ఆ తీర్మానం యంత్రాల చేతికి వస్తూ ఉంది. ఒక ఊరికే సోలార్ పలకలు, బ్యాటరీలు పెట్టి, ఆ కరెంటును ఆ ఊళ్ళోనే పంచే ఏర్పాటును మైక్రోగ్రిడ్ అంటారు. కొన్ని చోట్ల ఇంటింటికీ స్మార్ట్ మీటరు పెడతారు. బ్యాటరీలో ఎంత మిగిలింది, ఏ ఇల్లు ఎంత వాడుతూ ఉంది అని ఒక చిన్న కంప్యూటరు చూస్తూ ఉంటుంది. బ్యాటరీ తగ్గితే, ముందే రాసిపెట్టిన వరుస ప్రకారం కొన్ని లైన్లను అదే ఆపేస్తుంది. లైన్‌మ్యాన్ రానక్కరలేదు.

మా కెంచార్లహళ్ళిలో అట్లాంటిది పెట్టినారు అనుకుందాము. సాయంత్రం ఏడు గంటలు. డెయిరీలో పాలు చల్లబరచాలి. పట్టుపురుగుల ఇంట్లో ఫ్యాను తిరగాలి. పదో తరగతి పిల్లలకు దీపం కావాలి. ఒక అవ్వకు ఆయాసం మిషను కావాలి. ఇంకొకరి టీవీలో క్రికెట్టు ఆడుతూ ఉంది. అవ్వకే ముందు అని ఎవరైనా అంటారు. ఆ తరువాత? పాలు చెడితే ఎన్నో ఇళ్ళకు కొంచెం కొంచెం నష్టం. పురుగులు చెడితే ఒక్క ఇంటికే నష్టం, కాని ఆ ఇంటికి అదే కూడు. కంప్యూటరు యూనిట్లను లెక్కపెడుతుంది గాని ఈ రెండు నష్టాలను తూచలేదు. తూచేది ఆ వరుస రాసినవాళ్ళే.

మా పక్క చెరువుల కింద పూర్వం నీరుగంటి ఉండేవాడు. కరువు వస్తే తూము తెరిచి, ఏ మడికి ఎంతసేపు అని వంతు ప్రకారం నీళ్ళు పారించేవాడు. మడి ఎండితే రైతు పోయి "ఏమప్పా, నా వంతు ఏమాయె?" అని అడగవచ్చు. యంత్రాన్ని అట్ల అడగలేము. యంత్రానికి బంధువులు లేరు, లంచం తీసుకోదు అని కొందరు అంటారు. అది నిజమే. నీరుగంటి కాలం అంతా మంచిదని కూడా నేను చెప్పను. చెరువు కింద భూమి లేనివాళ్ళకు ఆ నీళ్ళలో వంతే లేదు. కాని ముందుగా డబ్బు కట్టినవాళ్ళకే కరెంటు అని రాస్తే, యంత్రం ఏ పక్షపాతం లేకుండా బీదవాళ్ళ దీపాన్నే ఆర్పుతుంది.

బీహారులోని ధర్నై అనే ఊళ్ళో 2014లో గ్రీన్‌పీస్ సంస్థ 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెట్టింది. దీపాలు వెలిగినాయి గాని ఎక్కువ కరెంటు తినే వస్తువులకు అది చాలలేదు. మాకు అసలైన కరెంటు కావాలి అని ఊరివాళ్ళు అడిగినారు. ప్రభుత్వ లైను వచ్చినాక ఆ మైక్రోగ్రిడ్ మూలబడింది. ఊరికి ఏమి కావాలో ఊరినే అడగాలి అని దీని నుంచి నేను తెలుసుకున్నాను.

మన జిల్లాలోనే గౌరిబిదనూరు తాలూకాలో 2025లో కుసుమ్-సి పథకం సోలార్ కరెంటు మొదలైంది. పంపుసెట్లకు పగలే కరెంటు ఇవ్వడం దాని ఉద్దేశము. ఇట్లాంటివి ఇంకా వస్తాయి. రావాలి కూడా. అయితే మా ఊరికి వచ్చిననాడు, ఎవరికి ముందు అనే వరుసను గ్రామసభలో చదవాలి. తెలుగు, కన్నడలో పంచాయతీ గోడ మీద రాయాలి. "నా వంతు ఏమాయె?" అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. లెక్క యంత్రం చేయనీ, న్యాయం మాత్రం మనమే చెప్పాలి.