పుట్టుకను తెలిపే గుర్తు

ఎదుట ఉన్న వస్తువును చూసి అది ఎలా పుట్టిందో, అంటే ఎప్పుడో ముగిసిపోయిన ఒక క్రియను, నిశ్చయంగా తెలుసుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్నను భారతీయ తర్కశాస్త్రం చాలా పూర్వమే చేపట్టింది. ఒక గుర్తును ఆధారం చేసుకొని కంటికి కనిపించని విషయాన్ని తెలుసుకోవడాన్ని అనుమానం అంటారు. న్యాయసూత్రాలు దాన్ని మూడు విధాలుగా విభజించగా, అందులో శేషవత్తు అనే విధం కార్యాన్ని చూసి కారణాన్ని గ్రహించడమని, ఏటిలో పొంగును చూసి ఎగువన వాన కురిసిందని తెలుసుకోవడం అందుకు ఉదాహరణ అని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు.

కెనడాలో పాత కార్లను పునరుద్ధరించేవారికి ఈ ప్రశ్న ఇనుము రూపంలో ఎదురవుతుంది. 1966 నుంచి 1969 వరకు బ్యూమాంట్ అన్న సొంత పేరుతో అక్కడ అమ్ముడైన కారులో ఎస్‌డి 396 అనే రకానికి షెవ్రొలే వారి 396 ఘనపుటంగుళాల, అంటే సుమారు ఆరున్నర లీటర్ల, ఇంజిన్ ఉండేది. ఒంటారియోలోని సెయింట్ క్యాథరిన్స్‌లో ఉన్న మెకినన్ కర్మాగారం చిన్న వి-8 ఇంజిన్లను తయారుచేసేది కాని, బిగ్ బ్లాక్ అని పిలిచే ఈ పెద్ద దిమ్మె ఇంజిన్లు నయాగరా నదికి అవతల, అమెరికాలోని టోనవాండా నుంచి వచ్చేవి. పిస్టన్ల కిందమీది కదలికను చక్రభ్రమణంగా మార్చే వంకీల ఇరుసే క్రాంక్‌షాఫ్ట్. ఈ ఇంజిన్ల కుటుంబంలో కొన్నింటికి సాగగొట్టిన ఉక్కు క్రాంక్‌షాఫ్ట్, అంటే ఫోర్జ్‌డ్, మరికొన్నింటికి పోతపోసిన క్రాంక్‌షాఫ్ట్, అంటే కాస్ట్, అమర్చారు. సాన పట్టి నునుపు చేసిన తరువాత రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కనుక, యాభై ఏళ్లకు పైగా గడిచాక బల్ల మీద పడివున్న ఇరుసు ఏ జాతిదో తేల్చడం చూపుకు అందే పని కాదు, అనుమానానికి అందవలసిన పని.

న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి, అంటే ఎదుటి పక్షం వాదించేవాడు, ఒక గట్టి ఆక్షేపణ లేవదీస్తాడు. దిగువన కట్ట అడ్డుపడినా ఏరు పొంగుతుంది కాబట్టి, పొంగు వానకు నమ్మదగిన గుర్తు కాదని, గుర్తు ఇలా వ్యభిచరిస్తే, అంటే తాను సూచించవలసిన విషయం లేనిచోట కూడా కనిపిస్తే, అనుమానమే ప్రమాణం, అంటే నమ్మదగిన జ్ఞానసాధనం, కాకుండా పోతుందని అతని వాదం. శాస్త్రం పక్షాన నిలిచే సిద్ధాంతి ఇచ్చే సమాధానం అపూర్వమైనది. ఊరికే నీరు పెరగడం గుర్తు కానే కాదు. వడిగా, నురగతో, ఆకులనూ పండ్లనూ కొయ్యలనూ మోసుకువచ్చే పొంగు మాత్రమే గుర్తు. ఆ విశేషాన్ని పట్టించుకోనివాడు పొరబడితే దోషం అనుమానించినవాడిదే తప్ప అనుమానానిది కాదు. సంశయవాదానికి ఇంత నిజాయితీ గల జవాబు మరెక్కడైనా దొరకడం కష్టం, ఎందుకంటే ఇది తప్పు జరిగే అవకాశాన్ని కాదనకుండానే జ్ఞానానికి ఉన్న అవకాశాన్ని నిలబెడుతుంది.

క్రాంక్‌షాఫ్ట్ విషయంలో ఆ విశేషం అతుకు గీతలో ఉంది. పోతపోసేటప్పుడు కరిగిన లోహం రెండు భాగాల అచ్చులో గడ్డకడుతుంది గనుక, అచ్చు భాగాలు కలిసినచోట రెండు మూడు మిల్లీమీటర్లకు మించని సన్నని గీత నిలుస్తుంది. సాగగొట్టేటప్పుడైతే ఎర్రగా కాగిన ఉక్కు కడ్డీని రెండు దిమ్మెల మధ్య అదిమి మోదగా, ఎక్కువైన లోహం సందులోంచి పక్కలకు పొంగి రేకులా బయటపడుతుంది. దాన్ని కత్తిరించిన జాడ అర అంగుళం, ఒక్కొక్కచోట అంతకు మించిన, వెడల్పు పట్టీగా మిగులుతుంది. గీత రెండింటికీ ఉంటుంది కాబట్టి గీత ఉండడం ఏమీ చెప్పదు. దాని వెడల్పు మాత్రం పుట్టుకను తిన్నగా చెబుతుంది, ఎందుకంటే ఆ వెడల్పును కలిగించినది ఆ పుట్టుకే.

చాలామంది నమ్మే మరో పరీక్ష మోగించి చూడడం. ఇరుసును వేలాడదీసి తడితే సాగగొట్టినది గంటలా మోగుతుందని, పోతది మందంగా పలుకుతుందని అంటారు. ఇక్కడ 17వ శతాబ్దపు తెలుగు నైయాయికుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో వివరించిన ఉపాధి అనే దోషం గుర్తుకు రావాలి. నిప్పు ఉంటే పొగ ఉండి తీరుతుందన్న వాదంలో పొగకు అసలు ఆధారం తడి కట్టెల సంబంధమని, వాదంలో చేర్చకుండా వదిలేసిన అటువంటి షరతే ఉపాధి అని అతని వివరణ. మోతకు ఆధారం లోహంలో ప్రకంపనను మింగే గ్రాఫైట్ తక్కువగా ఉండడమూ, ఇరుసుకు మడ్డి, భారం అంటకుండా వేలాడదీయడమూ. సమ్మెట దెబ్బ తిన్నదా లేదా అన్నది కాదు. పోతపోసిన ఉక్కు కూడా మోగుతుంది కనుక మోత లోహాన్ని సూచిస్తుందే తప్ప పుట్టుకను నేరుగా సూచించదు.

ఇరుసు మీద ఉబ్బెత్తుగా వేసిన అంకెలు శబ్దప్రమాణం, అంటే తయారుచేసినవారి మాట. 353039 అన్న సంఖ్య 454 ఘనపుటంగుళాల ఇంజిన్ పోత ఇరుసుకు చెందినదని తెలిసినవారికి అది ఆప్తవాక్యంతో, అంటే నమ్మదగినవాడి మాటతో, సమానం. అమ్మేవాడి నోటిమాటకు ఆ హోదా రావాలంటే అతను విషయం ఎరిగినవాడూ, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడూ కావాలి. ఆప్తుడికి శాస్త్రం పెట్టిన షరతు కూడా అదే.

పుట్టుక తెలిసినంత మాత్రాన విలువ తెలిసిపోయిందనుకోవడం మాత్రం ఇంకో అనుమానం, దానికి ఇంకో హేతువు, అంటే ఆధారమైన గుర్తు, కావాలి. సాగగొట్టిన ఉక్కు పందెపు ఇంజిన్ల భారాన్ని ఎక్కువగా ఓర్చుకుంటుందన్నది నిజమే. అయితే ఆ కాలపు పోత ఇరుసులు పాత బూడిదరంగు పోత ఇనుమువి కావు. సడ్బరీ నికెల్ గనుల మీద ఎదిగిన ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధనశాలలో 1943లో కీత్ మిల్లిస్ కరిగిన ఇనుములో మెగ్నీషియం కలపగా, పగుళ్లకు దారిచ్చే రేకుల ఆకారం వదిలి గ్రాఫైట్ గుండ్రని గుళికలుగా ఏర్పడింది, ఇనుముకు సాగే గుణం వచ్చింది. ఆ ఇనుముతో పోసిన ఇరుసు మామూలు రోడ్డు ప్రయాణానికి చక్కగా సరిపోతుంది. పోత అన్న ఒక్క కారణంతో దాన్ని తుక్కులో పడేయడం అన్యాయం.

చివరికి మిగిలే చిక్కు గుర్తు చెరిగిపోయినప్పుడు వస్తుంది. పగుళ్లకు తావు ఉండకూడదని పందెగాళ్లు కొందరు అతుకు గీతను పూర్తిగా అరగదీసి నునుపు చేస్తారు. గీత కనిపించనంత మాత్రాన ఇరుసు ఇదనీ అదనీ సిద్ధించదు, హేతువు లేకపోవడం దేనికీ హేతువు కాదు గనుక. అప్పుడు తూకం సరిచేయడానికి ఎదురుబరువుకు బెజ్జం వేసేటప్పుడు రాలే లోహాన్ని చూడాలి: ఉక్కు పొడవాటి చుట్టలుగా లేస్తుంది, పోత ఇనుము చిన్న ముక్కలుగా విరిగి నల్లని గ్రాఫైట్ పొడిని వేళ్లకు అంటిస్తుంది.