వేకువచుక్క కొరకు కాచుకొనినవాడు

పుదుచ్చేరి కడలిగట్టున నిలిచి రాత్రివేళ ఆకాశము చూచువానికి ఒక భాగ్యము కలదు. తూర్పున అతనికి అడ్డు లేదు. పున్నమి చంద్రుడైనను వేకువచుక్కయైనను బంగాళాఖాతపు నీళ్లలోనుండియే లేచినట్లు అగపడును. ఈ పట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా దాదాపు పండ్రెండు డిగ్రీల దూరమున ఉన్నది గనుక ధ్రువనక్షత్రము ఉత్తరపు అంచున మిక్కిలి తక్కువ ఎత్తున మినుకుమనును. దానికి బదులుగా, నేటి యెరూషలేము నివాసికి కనబడని దక్షిణపు చుక్కలు ఇచ్చటివానికి కనబడును.

సంవత్సరారంభమున, జనవరి రాత్రులలో, కృత్తికలును మృగశిరయు ఇంచుమించు నడినెత్తికి వచ్చును. దక్షిణమున అగస్త్య నక్షత్రము తెల్లగా వెలుగును. ఏప్రిల్, మే మాసములలో ఉత్తరమున సప్తర్షులు, దక్షిణమున సిలువ ఆకారముగల త్రిశంకువు ఒకే రాత్రి చూడవచ్చును. ఆ త్రిశంకువునకు ప్రక్కనే ఆల్ఫా సెంటారి అను చుక్క ఉన్నది. 1689వ సంవత్సరము డిసెంబరులో రిషో అను జెస్యూట్ పాదిరి ఒక తోకచుక్కను పరిశీలించుచు, ఆ చుక్క ఒకటి కాదు, జంటయని ఈ పట్టణమునుండియే కనుగొనెను. జూలైలో వృశ్చికము, ఆగస్టు 12, 13 తేదీలలో పర్షియస్ ఉల్కలు, నవంబరు మధ్య సింహరాశి ఉల్కలు, డిసెంబరు 13, 14 తేదీలలో మిథునరాశి ఉల్కలు. పుట్టతేనెకు ఎలుగు కాచుకొనునట్లు ఈ తేదీలకై కాచుకొనువారు ప్రతి ఊరనుందురు. వారికి దూరదర్శినియైనను అక్కరలేదు. ఒక చాపయు, ఓర్పును చాలును.

అయితే నవంబరు, డిసెంబరు మాసములు ఈ తీరమున ఈశాన్య ఋతుపవనపు కాలము. పంచాంగము గ్రహణమునకు నిమిషము చెప్పును గాని మబ్బును గూర్చి ఒక మాటయైనను చెప్పదు. ఈ సంగతి పుదుచ్చేరిలో ఒక మనుష్యుడు నేర్చుకొనినంత కఠినముగా మరి ఎవడును నేర్చుకొనియుండడు.

అతని పేరు గియోం ల జాంతిల్. 1725లో ఫ్రాన్సు దేశపు నార్మండీలో పుట్టెను. మొదట సంఘసేవకు పోదలచి వేదాంతము చదివి, పిమ్మట ఖగోళశాస్త్రమునకు మరలెను. ఆ కాలపు శాస్త్రజ్ఞులు ఒక అరుదైన సంగతికై ఎదురుచూచుచుండిరి. శుక్రగ్రహము, అనగా మనము వేకువచుక్క యని పిలుచునదే, సూర్యబింబము మీదుగా చిన్న నల్లని చుక్కవలె దాటిపోవును. దీనిని లోకపు దూరదూర స్థలములనుండి చూచి కాలమును సరిపోల్చినయెడల సూర్యుని దూరమును లెక్కింపవచ్చునని ఎడ్మండ్ హాలీ 1716లో వివరించియుండెను. ఈ దాటుటలు ఎనిమిదేండ్ల ఎడముతో జంటగా వచ్చును. పిమ్మట నూరేండ్లకు పైగా రావు. 1761లో ఒకటి, 1769లో ఒకటి. రెండును తప్పిపోయినవానికి మూడవ అవకాశము ఈ లోకమున లేదు.

ల జాంతిల్ 1760 మార్చిలో ఓడ ఎక్కెను. అతనికి నియమింపబడిన స్థలము పుదుచ్చేరి. మారిషస్ దీవి మీదుగా అతడు మలబారు తీరమునకు చేరువరకే పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైపోయెను. 1761 జనవరిలో పట్టణము లొంగిపోయిన వార్త సముద్రము మీదనే అతనికి ఎదురాయెను. ఓడ వెనుకకు మరలెను. జూన్ 6వ తేదీన ఆకాశము నిర్మలముగానే ఉండెను గాని అతడు నడిసంద్రమున ఉండెను. ఊగుచున్న ఓడమీద లోలకపు గడియారము నడవదు. నిలిచియున్న చోటు నిశ్చయముగా తెలియదు. చూచెను గాని ఆ చూపు లెక్కకు రాలేదు.

ఇంటికి పోవుటకు బదులుగా అతడు ఎనిమిదేండ్లు నిలిచిపోయెను. మడగాస్కరు తీరమును పటములలో గీచెను. గాలులను, ఋతువులను వ్రాసికొనెను. మనీలా నగరమునకు పోయి అచ్చట కాచుకొనదలచెను. పుదుచ్చేరి ఫ్రెంచివారికి తిరిగి ఈయబడెను గనుక అచ్చటికే పొమ్మని అకాడమీ తెలియజేసెను. 1768 మార్చిలో అతడు పుదుచ్చేరిలో దిగెను. శిథిలమైన కోట గోడలమీద అతని కొరకు వేధశాల కట్టబడెను. మొన్నటివరకు శత్రువులైన మద్రాసు ఆంగ్లేయులు మంచి దూరదర్శినిని పంపిరి. ఈ ఒక్క మాట చాలు, ఆ కథలో మనుష్యులు అందరును చెడ్డవారు కారనుటకు. కాచుకొను దినములలో అతడు ఒక తమిళుని యొద్ద ఈ దేశపు గ్రహణగణితమును నేర్చుకొనెను.

1769 మే మాసపు ఉదయములు స్వచ్ఛముగా గడచెను. జూన్ 3వ తేదీ రాత్రి కూడ ఆకాశము తేటగా ఉండెను. మరునాడు ఆదివారము. తెల్లవారకమునుపే లేచి చూడగా మబ్బు కమ్మియుండెను. గాలి లేచెను. శుక్రుడు సూర్యునిమీదుగా దాటుచున్న ఆ ఘడియలన్నియు ఆకాశము మూయబడియుండెను. అంతయు ముగిసిన పిమ్మట సూర్యుడు బయలువెడలి ఆ దినమంతయు ప్రకాశించెను. అతడు విడిచివచ్చిన మనీలాలో ఆకాశము నిర్మలము. రెండు వారములు అతడు కలము పట్టజాలకపోయెను.

ఇచ్చట ప్రసంగికుడు జాగ్రత్తగా ఉండవలెను. ఈ కథను వినిన వెంటనే, దేవుడు ఆ మనుష్యుని అతిశయమును అణచుటకు మబ్బును పంపెనని ఒకడు చెప్పును. అంతకంటె మేలైనదేదో అతనికి దాచియుంచెనని మరియొకడు చెప్పును. ఈ రెండు మాటలును ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనువారి పాఠశాలలో నేర్చుకొనినవే. వారు ఏడు దినములు నేలమీద కూర్చుండి మౌనముగా ఉన్నంతవరకు యోబునకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడగొట్టిరి. మన సంఘములలో చెప్పబడు సాక్ష్యములను గమనించినయెడల, దాదాపు అన్నియు మబ్బు తొలగినట్లే ముగియును. వ్యాధి కుదిరెను, ఉద్యోగము వచ్చెను, తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరెను. దేవునికి స్తోత్రము. అయితే పదునెనిమిదేండ్లు ప్రార్థించి కుమారుని సమాధి యొద్ద నిలిచిన తల్లి ఏ కూటములో లేచి నిలువబడును? ఆమెకు సాక్ష్యము లేదని తలంచుట సంఘము చేయు ఘోరమైన తప్పిదము. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో పదకొండవ అధ్యాయము సింహముల నోళ్లు మూయబడినవారిని గూర్చి చెప్పి ఆగదు. వాగ్దానఫలమును కన్నులార చూడకయే మృతినొందినవారిని కూడ అదే పట్టికలో, అదే గౌరవముతో వ్రాసినది.

యోబు అడిగిన ప్రశ్నకు దేవుడు నక్షత్రములను చూపెను. ముప్పది యెనిమిదవ అధ్యాయమున కృత్తికలను గూర్చియు మృగశిరను గూర్చియు ఆయన అడుగు ప్రశ్నలు ప్రసిద్ధములే. హెబ్రీ మూలమున కీమా, కెసీల్, ఆష్ అను మూడు పేర్లు కలవు. మొదటి రెంటిని గూర్చి పండితులు చాలమట్టుకు ఏకీభవింతురు. మూడవది స్వాతియో సప్తర్షులో నేటికిని తేలలేదు. మన తెలుగు అనువాదకులు తొమ్మిదవ అధ్యాయమున స్వాతియనియు ముప్పది యెనిమిదవ అధ్యాయమున సప్తర్షులనియు వ్రాసిరి. వారిని తప్పు పట్టనక్కరలేదు; తెలియని చోట రెండు తలుపులు తెరచియుంచిరి. దక్షిణపు గదులను గూర్చి కూడ ఆ తొమ్మిదవ అధ్యాయమున ఒక మాట కలదు. ఊజు దేశపువానికి అంచున మాత్రమే అగపడిన ఆ గదులు పుదుచ్చేరి తీరమున తెరువబడియున్నవని తలంచుట ఇంపుగా ఉండును.

దేవుడు యోబునకు కారణము చెప్పలేదు. పిల్లలు ఎందుకు చనిపోయిరో చివరి అధ్యాయము వరకు అతనికి తెలియదు. అయినను యోబు తన ఫిర్యాదు విడిచిపెట్టినది జవాబు దొరికినందున కాదు, అడిగినవాడు ఎదుట నిలిచినందుననే. ఆకాశము ఆ సమ్ముఖతకు బదులు కాదు. నక్షత్రములకు నమస్కరించుట ద్వితీయోపదేశకాండము నాలుగవ అధ్యాయమున నిషేధింపబడెను. వాటి వలన పుట్టుక, పెండ్లి, మరణము నిర్ణయించుకొనుటయు అట్టిదే. చూచుట వేరు, మ్రొక్కుట వేరు.

ల జాంతిల్ రోగియై, తుపానులలో చిక్కుకొని, 1771 అక్టోబరులో ఫ్రాన్సు చేరెను. పదకొండేండ్లకు పైగా గడచియుండెను. అతడు చనిపోయెనని అందరు తలంచిరి. వారసులు ఆస్తికై చేతులు చాచియుండిరి. అకాడమీలో అతని స్థానము వేరొకనికి ఈయబడెను. అతడు వ్యాజ్యెమాడెను, పిమ్మట వివాహము చేసికొనెను, ఒక కుమార్తెను ఎత్తుకొనెను, తన ప్రయాణమును రెండు సంపుటములుగా 1779, 1781 సంవత్సరములలో ప్రచురించెను, 1792లో మరణించెను. ఈలోగా ఇతరులు చూచిన లెక్కలవలన సూర్యుని దూరము దాదాపు పదిహేను కోట్ల కిలోమీటర్లని తేలెను. నేటి లెక్క 14 కోట్ల 96 లక్షలు. అతడు చూడకపోయినను వేకువచుక్క దాటిపోయియుండెను.

తరువాతి దాటుట 1874 డిసెంబరు 9న వచ్చెను. అప్పుడు విశాఖపట్టణమున, గోడె వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాలనుండి వారి అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని చూచి లెక్కలు వ్రాసిరి. ఇటీవల 2004లోను 2012లోను రెండు దాటుటలు జరిగెను. ఇక మీదటిది 2117 డిసెంబరులో. ఈ పుట చదువువారెవరును దానికై కాచుకొననక్కరలేదు.

కాచుకొనవలసినది మరియొకటి కలదు. 2028 డిసెంబరు 31న సంపూర్ణ చంద్రగ్రహణము. మన దేశమున రాత్రి పది, పదకొండు గంటల ప్రాంతమున, జాగరణ ఆరాధనకు జనులు మందిరములకు పోవు వేళ, చంద్రుడు రాగివర్ణమున ఉండును. అర్ధరాత్రి కొత్త సంవత్సరపు గంట మ్రోగునప్పటికి భూమి నీడ అతనిని విడిచిపోవుచుండును. డిసెంబరు గనుక మబ్బు ఉండవచ్చును. పుదుచ్చేరి గట్టున ఆ రాత్రి కొందరు మందిరమునుండి వచ్చి, మరికొందరు ఊరకయే వచ్చి, తూర్పుగాలిలో తలలెత్తి నిలుతురు.