నీటికిని నిప్పుకును లెక్క కలదు



వర్తకుడు రాత్రి చిట్టా చూచుకొనునప్పుడు ఒక్క పైసా తేడా వచ్చినను నిద్రపోడు. అదే వర్తకుని యింటి తూముగుండ బిందెలకొలది నీరు పోవుచుండగా, దానికి లెక్క యెవరు వ్రాయుచున్నారు?

నీరును జీవకాయమే, అగ్నియు జీవకాయమే యని జైనధర్మము బోధించుచున్నది. గృహస్థు వీనిని బొత్తిగా విడువజాలడు. కావుననే సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమునందు, ప్రయోజనము లేక నేల త్రవ్వుట, నీరు చిమ్ముట, నిప్పు రాజేయుట, చెట్టు నరకుట మున్నగువానిని ప్రమాదచర్య యని పేర్కొని అనర్థదండములలో చేర్చిరి. అవసరమునకు వాడినది వేరు, ఊరక పోగొట్టినది వేరు.

2019 వేసవిలో చెన్నపట్టణమునకు నీరిచ్చు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు దాదాపుగా ఎండిపోయినవి. లారీ నీటికై వీధులలో బిందెలు బారులు తీరినవి. అట్టి దినములలో ఒక శ్రావకుని యిల్లు తలచుకొనుడు. స్నానపు నీరు మురుగులోనికి పోవుచున్నది. ముసలితల్లి చూచి, "నాయనా! అంగట్లో కాసు పోతే ఊరుకోవు గదా. గుడ్డలో నిలిచిన జీవాలను కూడా మళ్లీ బావిలోకే వదిలే యిల్లు మనది. పెరట్లో అరటి ఎండుతూ వుంటే ఈ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?" అన్నది. కుమారుడు తల వంచుకొని, "తప్పే అమ్మా. రేపే కాలువ తిప్పిస్తాను" అనెను.

స్నానపు నీటిని, బియ్యము కడిగిన నీటిని అరటి, కొబ్బరి మొదళ్లకు పారించవచ్చును. సబ్బు మితముగా వాడవలెను. జిడ్డు నీరు, మరుగుదొడ్డి నీరు ఇందు కలపరాదు. పచ్చిగా తిను కూరలపై పోయరాదు. వాడిన నీటిని తొట్లలో నిలువచేయరాదు. నిలువ నీటిలో జీవోత్పత్తి జరుగును, అది మరియొక హింస. ఏనాటి నీరు ఆనాడే నేలకు చేరవలెను.

ఇక వేడిమి మాట. త్రాగుటకు కాచిన నీటిని ఊరక చల్లార్చుచున్నాము. స్నానమునకు మరల పొయ్యి రాజేయుచున్నాము. మరిగిన 10 లీటర్ల నీరుగల గుండిగకు మూతపెట్టి, వడగట్టిన 20 లీటర్ల నీరుగల గంగాళములో నిలుపుడు. గంగాళపు నీరు 25 డిగ్రీలుండినచో, కొంతసేపటికి రెండును సుమారు 50 డిగ్రీలకు వచ్చును. త్రాగునీరు త్వరగా చల్లారును, స్నానపు నీరు వేడెక్కును, రెండవ పొయ్యి తప్పును.

అయితే చెట్టుకు పోవునుగదా యని రెండు చెంబులు ఎక్కువ పోసికొన్నచో వ్రతము నిలువదు. మొదట తగ్గించుట, పిమ్మట మరల వాడుట, ఇదే క్రమము.

ఈ వివేకము ప్రతి శ్రావక గృహమునందును నిలుచుగాక!

జై జినేంద్ర.