కాలకృతము, అకాలకృతము

అలంపురమునకు తూర్పున, కూడవెల్లి యొద్ద, తుంగభద్ర కృష్ణలో కలియుచున్నది. శ్రీశైల జలాశయము నిండిన దినములలో ఆ సంగమము తెలియరాదు గాని, నీరు తీసినపుడు రెండు నదుల నడిమి నేలకొన యొద్ద నిలిచి చూచినచో, ఇరుపాయలును ఒరసికొను చోట జలము కొంతమేర వేగముడిగి యుండుటయు, అందు పడిన ఎండుటాకు ఎటు పోవుటకును తోచక తిరుగాడుటయు, పిల్లగాలి యొకటి దానిని ఒక దెసకు త్రోయుటయు కనబడును. కొన్ని బారలు సాగిన పిదప అట్టి గాలులు పది వీచినను ఆ యాకు మరలదు. వేగము శూన్యమై, దిశ ఇదమిత్థమని చెప్పరాని ఇట్టి బిందువులనే గణితజ్ఞులు సింగ్యులారిటీలందురు. ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ పొయంకరే 1880 దశకమున వీనిని వర్గీకరించి, ప్రవాహముయొక్క సమస్త గమనమును ఎరుగగోరువాడు మొదట ఈ కొలది బిందువుల స్వభావము నెరుగవలెనని చూపెను. కారణము ఎడతెగక మెల్లమెల్లగా మారుచున్నను కార్యము ఒక్క గంతున మారిపోవు సంధులు కలవని గణితజ్ఞుడగు రెనె థామ్ 1972లో వెలువడిన తన గ్రంథమున వివరించెను.

స్త్రీదేహమున ముట్లుడుగు కాలము నాకు అట్టి సంధిగా తోచుచున్నది. అండాశయములు ఈస్ట్రోజెనును స్రవించునంతకాలము, దాని ప్రేరణచేత రక్తనాళముల లోపొర నైట్రిక్ ఆక్సైడును సమృద్ధిగా పుట్టించి నాళములను సడలించుచుండును. ఆ స్రావము తగ్గినకొలది నాళములు బిరుసెక్కును. చెడు కొలెస్టరాలు హెచ్చును. ప్రకృతి ముగించినదానిని హార్మోను మందుతో పొడిగించుట ధర్మమా యని శ్రద్ధాళువులు కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నకు మన ప్రాచీన వైద్యశాస్త్రమే చక్కని దారి చూపినది. రజస్సు పండ్రెండవ యేట ఆరంభమై ఏబదియవ యేట నివర్తించునని చెప్పిన సుశ్రుతుడు, జరను ఆకలిదప్పులతోడను నిద్రామరణములతోడను చేర్చి స్వభావజములని పేర్కొని, అంతటితో విడువక, వానిని మరల రెండుగా విభజించెను: దేహమును చక్కగా రక్షించుకొన్నను కాలవశమున వచ్చునవి కాలకృతములు, రక్షణలోపమున ముందుగా వచ్చిపడునవి అకాలకృతములు. జర స్వభావమేయైనను, అకాలజర స్వభావము కాదు. ఇంతటి సూక్ష్మదృష్టి కలిగిన విభాగమును మనము మరచుట విచారకరము.

ఆధునిక పరిశోధన కూడ చాలకాలము కాలము నుపేక్షించెను. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన మహాపరీక్షయందు హార్మోను మాత్రలు గుండెను కాపాడుటకు బదులు గుండెపోటును, పక్షవాతమును, రొమ్ము క్యాన్సరును హెచ్చించినట్లు కనబడగా, 2002లో దానిని నడుమనే ఆపివేసిరి. లోకమంతటను భయము వ్యాపించెను. కాని ఆ స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. అనగా పెక్కురు సంధిని దాటి బహుదూరము పోయినవారు. 643 మందితో జరిగి 2016లో ప్రకటితమైన మరియొక పరీక్షలో, ముట్లుడిగిన ఆరేండ్లలోపు ఈస్ట్రడయోల్ ఆరంభించినవారికి మెడధమని గోడ దళసరియగుట మందగించెను. పదేండ్లు దాటినవారికి ఆ ఫలము కలుగలేదు. మందు ఒకటే, కాలము వేరు. అట్లని గుండెజబ్బు నివారణకై ఎల్లరును దీనిని సేవింపవలెనని వైద్యశాస్త్రము చెప్పుట లేదు. ఒంటి ఆవిరులు, నిద్రలేమి మిక్కిలిగా బాధించునపుడు, 60 ఏండ్లలోపున గాని ముట్లుడిగిన పదేండ్లలోపున గాని, రొమ్ము క్యాన్సరు, రక్తము గడ్డకట్టుట వంటి పూర్వచరిత్ర లేనివారికి, వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చుట మేలనియే దాని మాట.

మన సీమలో అకాలకృతమునకు మరియొక ముఖము కలదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమున నూటికి మూడింటికి కొంచెము మించియుండగా, తెలంగాణమున నూటికి ఏడింటికి పైగాను, ఆంధ్రప్రదేశమున ఎనిమిదింటికి పైగాను ఉండిరి. అందరికిని అనవసరముగా చేసిరని అనరాదు. కాని "పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి ఎందుకు" అను మాట విన్నప్పుడెల్ల నాకు మనసు రగులును. అండాశయములను కూడ తీసినచో, ఏండ్ల తరబడి జరుగవలసిన పరిణామము ఒక్కదినమున జరుగును. వానిని విడిచినను కొందరికి ముట్లుడుగు సంధి ముందుగానే వచ్చును.

"ఇక సంచి ఎందుకు" అను ఆ మాట దైవవిషయమునను దోషమే. అలంపురపు మ్యూజియమున చాళుక్యకాలపు లజ్జాగౌరి శిల్పమొకటి కలదు: శిరస్సుండవలసిన చోట విచ్చిన పద్మము, మోకాళ్లు మడిచి ఎడముగా చాచిన ప్రసవభంగిమ, సంతానము గోరు స్త్రీలు కొలిచిన మూర్తి అది. ఆ యూరనే, సతీదేవి పైదంతములు పడినచోటని పురాణము చెప్పు పీఠమున, జటలో బల్లిని, తేలును, గబ్బిలమును, కపాలమును ధరించిన జోగులాంబ కలదు. ప్రసవచిహ్నమేమియు లేని ఆమెకే జనులు అంబయని మ్రొక్కుచున్నారు. గర్భముతోడనే స్త్రీ ప్రయోజనము తీరునని ఆ యూరి భక్తి ఏనాడును చెప్పియుండలేదు.

కావున గద్వాల నుండి గాని నాగర్‌కర్నూల్ నుండి గాని నలుబది యేండ్లు నిండని యొక తల్లి శస్త్రచికిత్సకు పోవునపుడు, అండాశయములను ఉంచుదురా తీయుదురా, తీసినచో స్వాభావిక వయస్సు వచ్చువరకు హార్మోను ఇత్తురా, రక్తపోటును కొలెస్టరాలును ఎవరు చూతురు అని అడుగుట ఆమె హక్కు. సంతకము తీసికొనక పూర్వమే వీనిని ఆమెకు తెలిసిన తెలుగులో విప్పి చెప్పుట వైద్యుని విధి.