వెళ్లగలిగినవాడు ఉండిపోతే

2021 జులై 20 రాత్రి మిల్వాకీ బక్స్ జట్టు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. ఆ మ్యాచ్‌లో యానిస్ అంటెటోకుంపో ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. దానికి ఏడు నెలల ముందు, 2020 డిసెంబరులో, పెద్ద నగరాల జట్లు అతనిమీద ఆశ పెట్టుకుని ఉన్న సమయంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఆరు లక్షల జనాభా కూడా లేని మిల్వాకీలోనే మరో అయిదేళ్లు ఆడతానని అతను సంతకం పెట్టాడు. కప్పు చేతికి రాగానే ఆ సంతకానికి కప్పే సమర్థన అయిపోయింది. నమ్ముకుని ఉన్నాడు, ఫలితం దక్కింది అని అభిమానులూ రాశారు, విశ్లేషకులూ రాశారు. వినడానికి హాయిగా ఉండే ఈ మాట ఆ నిర్ణయం విలువను తగ్గిస్తోందని నా అభిప్రాయం. గెలుపు వల్లనే అది మంచి నిర్ణయం అయితే, ఓడి ఉంటే తెలివితక్కువ నిర్ణయం అయ్యేది. అప్పుడు మనం మెచ్చుకుంటున్నది మనిషిని కాదు, అతని అదృష్టాన్ని. ఆ నిర్ణయంలో మంచి ఉంటే అది సంతకం పెట్టిన రోజే ఉంది. ఆ మంచి ఏమిటో కప్పును పక్కన పెట్టి చూస్తే తప్ప కనిపించదు.

ఆ కప్పు ఎంత సన్నని దారం మీద వేలాడిందో చూడండి. ఫైనల్‌కు చాలా ముందు, జూన్ 19న, బ్రూక్లిన్ నెట్స్‌తో సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్. బ్రూక్లిన్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆట ముగియడానికి సెకను ఉందనగా కెవిన్ డురాంట్ వేసిన బంతి బుట్టలో పడింది. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసి ఉంటే మిల్వాకీ కథ దాదాపుగా అక్కడే ముగిసేది. కానీ అతని బూటు కొన గీత మీద ఉంది. రెండే పాయింట్లు ఇచ్చారు, స్కోరు సమమైంది, అదనపు సమయంలో మిల్వాకీ 115-111తో గట్టెక్కింది. డురాంట్ బూటు కొన యానిస్ సంతకానికి నైతిక విలువ ఇవ్వగలదా? జీవితాన్ని మలుపు తిప్పే కొన్ని నిర్ణయాలు ఫలించాక మాత్రమే సమర్థనకు నోచుకుంటాయని ఇంగ్లండ్ తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో వాదించాడు. బొమ్మలు గీయడం కోసం కుటుంబాన్ని వదిలిపోయిన చిత్రకారుడు గోగాన్ ఆయన తీసుకున్న ఉదాహరణ. బొమ్మలు గొప్పవి కాకపోయి ఉంటే అతను చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదంటాడు. ఈ వాదన బలమైనదే. కానీ గోగాన్‌కు విజయం ఎందుకు అవసరమైంది? అతని వల్ల నష్టపోయినవాళ్లు ఉన్నారు గనుక. పక్కవాడికి గాయం చేసిన నిర్ణయం ఫలితాన్ని సాక్షిగా పిలుచుకుంటుంది. ఎవరి నమ్మకాన్నీ దెబ్బ తీయని నిర్ణయానికి ఆ సాక్షితో పని లేదు. కర్మ మీదే తప్ప ఫలం మీద అధికారం లేదని భగవద్గీత రెండో అధ్యాయం చెప్పినప్పుడు, గెలవాలని కోరుకోవద్దని దాని అర్థం కాదు. ఫలాన్ని తూకంరాయిగా వాడి కర్మను తూచవద్దని అర్థం. యానిస్ గెలవాలనే కోరుకున్నాడు. ఆ కోరిక తీరుతుందన్న హామీ మాత్రం అతని దగ్గర లేదు. అంతకుముందు రెండు సీజన్లలోనూ లీగ్‌లో అందరికన్నా మెరుగైన రికార్డు సాధించి, అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం రెండుసార్లూ తనే అందుకుని కూడా, ఫైనల్ దాకా వెళ్లలేక తిరిగొచ్చిన జట్టు అది.

అయితే ఆ మంచి ఎక్కడుంది? దానికి 2013కు వెళ్లాలి. యానిస్ తల్లిదండ్రులు నైజీరియా నుంచి బతుకుతెరువు కోసం ఏథెన్స్ చేరినవాళ్లు. అతను అక్కడే పుట్టినా పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఏ దేశపు పౌరసత్వమూ లేదు. కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పదిహేనో స్థానంలో ఆ సన్నటి కుర్రాణ్ని మిల్వాకీ తీసుకుంది. అతను ఆడిన మొదటి సీజన్‌లో జట్టు 15 గెలిచి 67 ఓడింది, ఆ జట్టు చరిత్రలోనే అధ్వానమైన సీజన్. 2014లో యజమాని హెర్బ్ కోల్ 55 కోట్ల డాలర్లకు జట్టును అమ్మాడు. కొత్త స్టేడియం కట్టకపోతే జట్టు ఊరు దాటిపోతుందని లీగ్ స్పష్టంగా హెచ్చరించింది. చివరికి 25 కోట్ల డాలర్ల ప్రజాధనం పెట్టి జట్టును నిలుపుకున్నారు. ఆ ఖర్చు న్యాయమా అన్న చర్చ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉండాలి. నాకు ముఖ్యమైనది వేరే. చిన్న మార్కెట్ అంటే టీవీ ఆదాయం, ప్రకటనల డబ్బు తక్కువ అని మాత్రమే కాదు. ఇక్కడ ఎదిగినవాడు ఎప్పటికీ ఇక్కడివాడు కాడు, పెద్ద ఊరి కోసం మనం పెంచి పంపించేవాడు మాత్రమే అని ఒక నగరం తనగురించి తానే నమ్మే స్థితి అది. అలాంటి చోట, వెళ్లే దారి తెరిచి ఉన్నవాడు ఉండిపోతే అక్కడి మనుషులకు ఒక కబురు అందుతుంది: మీ ఊరు నాకు మెట్టు కాదు, నేను పని చేసే చోటు. ఈ మాట కప్పుతో సంబంధం లేకుండా నిజం. అది చెప్పిన క్షణంలోనే పూర్తయిపోతుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం డబ్బు. ఆ ఒప్పందం విలువ దాదాపు 22.8 కోట్ల డాలర్లు. అంత మొత్తం ఇచ్చే వెసులుబాటును లీగ్ నిబంధనలు సొంత జట్టుకే ఇస్తాయి. చిన్న నగరాలు తమ తారలను నిలుపుకోవాలనే ఆ నిబంధన పెట్టారు. మరి దీన్ని త్యాగం అనవచ్చా? అనకూడదు. అనేవాళ్లు అతనికీ, త్యాగం అన్న మాటకూ అన్యాయం చేస్తున్నారు. కానీ త్యాగం కానిదంతా స్వార్థం అనుకోవడం మరో తప్పు. లాభమూ విశ్వాసమూ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు విశ్వాసం అబద్ధమైపోదు, దానికి పరీక్ష ఎదురుకాలేదు అంతే. పైగా ఆ స్థాయి ఆటగాడికి ఏ నగరంలోనైనా కోట్లకు కొదవుండదు. అతను నిజంగా పణంగా పెట్టింది గెలుపు అవకాశాన్ని, పేరును, ఆటగాడిగా మంచి వయసులోని అయిదేళ్లను.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది, దాని దగ్గర ఆగాలి. ఉన్నచోటే ఉండటం గొప్ప అని బోధించే నీతి చరిత్రలో ఎక్కువగా ఎవరికి ఉపయోగపడింది? కట్టేసి ఉంచినవాళ్లకు. స్వధర్మం అన్న మాటను పుట్టిన కులానికి ముడివేసి, నీ చోటు ఇదే, కదలకు అని ఎన్ని తరాలకు చెప్పారో మనకు తెలుసు. పనికోసం ఊరు విడిచిన పాలమూరు కూలీ దగ్గరకు వెళ్లి విధేయత గురించి మాట్లాడటం క్రూరత్వం. యానిస్ తల్లిదండ్రులు కదలకపోయి ఉంటే ఈ వ్యాసానికి విషయమే లేదు. బాస్కెట్‌బాల్‌లోనూ ఆ సంకెల ఉండేది. ఒకసారి తీసుకున్న జట్టుకు ఆటగాడి మీద జీవితాంతం హక్కు ఉండేది. దాన్ని ప్రశ్నిస్తూ ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో కోర్టుకెక్కాడు. 1976లో రాజీ కుదిరి, ఇష్టమైన జట్టుకు వెళ్లే దారి తెరుచుకుంది. ఆ రాబర్ట్‌సన్ 1971లో మిల్వాకీకి మొదటి టైటిల్ తెచ్చిన జట్టు సభ్యుడే. అతని పక్కన ఆడిన కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఆరు సీజన్ల తర్వాత, తన సంస్కృతికీ అభిరుచులకూ ఆ నగరంలో చోటు చాలదని చెప్పి పంపించమని అడిగాడు, 1975లో లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. అతను ద్రోహి కాడు. ఇస్లాం స్వీకరించిన, న్యూయార్క్‌లో పెరిగిన నల్లజాతి యువకుడికి ఊపిరాడని చోట ఉండాలని ఏ ధర్మమూ శాసించలేదు. డురాంట్ 2016లో ఓక్లహోమా సిటీని వదిలినప్పుడు అతని జెర్సీలు కాల్చారు. ఆ జట్టే 2008లో సియాటిల్‌ను వదిలి ఓక్లహోమాకు తరలి వచ్చిందన్నది కాల్చినవాళ్లకు గుర్తు రాలేదు. అందుకే నా వాదనకు ఒక హద్దు గీస్తున్నాను. ఉండిపోవడం ఎవరినుంచీ వసూలు చేయగల బాకీ కాదు. రాబర్ట్‌సన్ గెలిచాడు గనుకనే యానిస్ ఉండిపోవడానికి అర్థం వచ్చింది. అంతకుముందు ఉండిపోయినవాళ్లలో ఎవరు ప్రేమతో ఉన్నారో, ఎవరు గత్యంతరం లేక ఉన్నారో చెప్పే దారే లేదు.

ఇంకో ప్రశ్న మన ఇతిహాసాలు ఎప్పుడో వేసి ఉంచాయి: ఎవరి దగ్గర ఉండిపోవడం? ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ని పక్కకు పిలిచి, నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అవుతుంది, రమ్మంటాడు. తనను పెంచిన రాధను, అధిరథుణ్ని, తనను నమ్మిన దుర్యోధనుణ్ని వదలలేనంటాడు కర్ణుడు. ఓడిపోయేది తన పక్షమేనని తెలిసే అంటాడు. అతని మీద మనకున్న ప్రేమకు సగం కారణం ఆ ఒక్క సమాధానం. అయినా అతను నిలబడిన పక్షం అధర్మానిది అన్న నిజాన్ని ఆ ప్రేమ చెరపలేదు. విభీషణుడు ఉండకుండా వెళ్లిపోయాడు, ధర్మం అతని వైపే ఉంది. అయినా ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత మన నోట్లోంచి పోలేదు. ఈ ఇద్దర్నీ కలిపి చూస్తే, ఉండటం ఒక్కటే ధర్మం కాదు, ఉన్నచోటి తప్పును చూస్తూ ఊరుకోకపోవడం కూడా దానిలో భాగమని తేలుతుంది. మిల్వాకీ విషయంలో ఇది ఊహాగానం కాదు. 2018లో బక్స్ ఆటగాడు స్టెర్లింగ్ బ్రౌన్‌ను ఆ నగర పోలీసులే నేలకు పడదోసి విద్యుత్ షాక్ ఇచ్చారు. 2020 ఆగస్టులో అదే రాష్ట్రంలోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు వెనకనుంచి కాల్చారు. ఆగస్టు 26న బక్స్ ఆటగాళ్లు ప్లేఆఫ్ మ్యాచ్ ఆడకుండా లాకర్ గదిలోనే ఉండిపోయారు. లీగ్ మొత్తం ఆగిపోయింది. యానిస్ సంతకం పెట్టింది దీని తర్వాత, నాలుగు నెలలు కూడా గడవకముందు. అంటే అతను ఎంచుకున్నది పోస్టుకార్డు మీది అందమైన ఊరిని కాదు. తనలాంటివాళ్లను గాయపరిచిన ఊరిని, గాయం సంగతి బాగా తెలిసి ఎంచుకున్నాడు. ఆడం అని చెప్పినవాడు ఆడతాం, ఇక్కడే ఆడతాం అన్నప్పుడు ఆ రెండో మాటకు బరువు వేరు.

జట్టు మాత్రం ఈ విశ్వాసం చూపిస్తుందా అని అడగవచ్చు. చూపించదు. టొరంటోను వదలనని పదేపదే చెప్పిన డిమార్ డిరోజన్‌ను 2018లో ఆ జట్టు పంపించేసింది, మరుసటి ఏడాది అతను లేకుండా టైటిల్ గెలిచింది. మిల్వాకీ కూడా భిన్నంగా లేదు. 2021 విజయంలో కీలకమైన జ్రూ హాలిడేను 2023లో వదులుకుంది. కాబట్టి విశ్వాసాన్ని కంపెనీతో ఇచ్చిపుచ్చుకునే వ్యవహారంగా చూస్తే అది నష్టపు బేరమే. కానీ ఉండిపోయినవాడు ఉండిపోయేది వాటాదారుల కోసం కాదు. రోజూ కలిసి చెమటోడ్చే తోటివాళ్ల కోసం, ఏళ్లుగా సగంలో ఉన్న పని కోసం, ఓడిన రాత్రి కూడా చలిలో వచ్చి కూర్చున్న మనుషుల కోసం. వాళ్లు అతన్ని అమ్మేయలేదు. యజమాని తప్పుకు వాళ్ల మీద కక్ష తీర్చుకోవడం న్యాయం కాదు.

హాలిడేను వదులుకుని మిల్వాకీ తెచ్చుకున్నది డేమియన్ లిల్లార్డ్‌ను. నా వాదనకు అసలు పరీక్ష అతనే. యానిస్‌కు కప్పు ఉంది గనుక అతని తరఫున మాట్లాడటం తేలిక. లిల్లార్డ్ మరో చిన్న మార్కెట్ అయిన పోర్ట్‌లాండ్‌లో పదకొండు సీజన్లు ఆడాడు. 2014లో, 2019లో చివరి క్షణపు బంతులతో రెండు సిరీస్‌లను ముగించాడు. టైటిల్ మాత్రం రాలేదు. 2023లో విసిగి పంపించమని అడిగాడు. మిల్వాకీలో కాలి మడమ స్నాయువు తెగింది, 2025 వేసవిలో ఆ జట్టు అతన్ని వదిలేసింది. వెంటనే పోర్ట్‌లాండ్ పిలిచింది. తర్వాతి సీజన్‌లో ఆడలేని కాలితో అతను తిరిగి వెళ్లాడు. కప్పుతో లెక్క వేసేవాళ్లు ఆ పదకొండేళ్లను వృథా ఖాతాలో రాయాలి, పోర్ట్‌లాండ్ అతన్ని మళ్లీ ఎందుకు పిలిచిందో, అతను ఎందుకు వెళ్లాడో వాళ్ల లెక్కలో తేలదు. మధ్యలో వెళ్లిపోయాడు కదా అనవచ్చు. అవును, వెళ్లాడు. అయినా అతను ఆ ఊరికి ఇచ్చిన పదకొండేళ్లు ఇచ్చినవిగానే ఉన్నాయి. ఎన్నేళ్లు ఉంటానని యానిస్ సంతకం పెట్టినా, ఎప్పుడు ఏ కారణంతో ఏ ఊరికి వెళ్లినా, 2020 డిసెంబరులో మిల్వాకీకి అందిన ఆ మాట విషయంలోనూ నా లెక్క ఇదే.