మిగిలిన ముక్క

జాకెట్టుకి గుడ్డ ఇచ్చినప్పుడు మిగిలిన ముక్క తిరిగి ఇమ్మని మీరెప్పుడైనా టైలర్ని అడిగారా? నేను అడగలేదు. మా వీధి చివర టైలరు ముప్ఫై ఏళ్ళుగా నా జాకెట్లు కుడుతున్నాడు. మీటరు గుడ్డ ఇస్తే ఎంతో కొంత మిగలకుండా ఉండదు. అదేమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఓసారి వాళ్ళింట్లో పసిపిల్లని చూడ్డానికి వెడితే, ఉయ్యాల్లో పరిచిన బొంత మీద నా జీవితమంతా కనిపించింది. మా అమ్మాయి బారసాలనాటి నెమలికంఠం రంగు, మరిది పెళ్ళికి కుట్టించుకున్న మామిడిపిందెల పట్టు, అన్నీ ముక్కలు ముక్కలుగా. చెప్పొద్దూ, ముచ్చటేసింది. అయినా ఇంటికొచ్చాక మావారితో, "ఒక్కమాట చెబితే ఏం పోయింది అతనికి?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

ఆ మాట మళ్ళీ పోయిన మాఘంలో గుర్తొచ్చింది, ఆస్పత్రి గదిలో.

మా ఆడపడుచు, అంటే మావారి అక్కగారు, తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. ముట్లుడిగిన పదేళ్ళకి మళ్ళీ ఎర్ర కనిపిస్తే "వేడిచేసింది కాబోలు" అనుకుని మూడునెలలు మజ్జిగ తాగుతూ కూర్చుంది. (మనలో ఎంతమందిమి ఇలా కూర్చోలేదు! ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోవాలి. కథకి అడ్డొచ్చినా ఈ మాట చెప్పి ముందుకు వెడతాను.) తీరా చూపిస్తే గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సరన్నారు. అదృష్టం బాగుండి తొలిదశ. గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారు.

ఆపరేషన్‌కి ముందురోజు నర్సమ్మ సంతకాల కాగితాలు తెచ్చింది. మత్తుకొకటి, ఆపరేషన్‌కొకటి, రక్తం ఎక్కించాల్సొస్తే దానికొకటి. వదినగారు చకచకా పెట్టేసింది. నాలుగోదాని దగ్గర ఆగింది. "శస్త్రచికిత్సానంతరము నిదాన పరీక్షలకు పోను మిగులు కణజాలమును పరిశోధనార్థము వినియోగించుటకు" అంటూ నాలుగు పేజీలు.

"ఏమిటే ఇది? ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ప్రబంధాలు చెప్పాను. నాకే కొరుకుడు పడ్డంలేదు," అంది.

"ఏం లేదమ్మా, మామూలే. అందరూ పెట్టేస్తారు," అంది నర్సమ్మ.

వదినగారు కళ్ళజోడు తీసింది. "అందరూ పెట్టేసేదైతే నన్నడగడం దేనికి?"

అంతే, గదిలో చిన్న సభ మొదలైంది. ఎనభై దాటిన మా అత్తయ్యగారు కూతురి మంచం పక్కనే కుర్చీలో ఉన్నారు. "ఒంట్లోంచి తీసి పారేసేదేగా తల్లీ! దాంతో నలుగురికీ మంచి జరిగితే పుణ్యం. దధీచి వెన్నెముకే ఇచ్చాడు," అన్నారు.

"ఇంద్రుడొచ్చి అడిగాడు కదమ్మా! నిద్రపోతుంటే లాక్కుపోతే అది దానమెలా అవుతుంది?" అంది వదినగారు.

అప్పుడు నేను చదివిన సంగతొకటి చెప్పాను. 1951లో అమెరికాలో, బాల్టిమోరు నగరంలో, హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్ళింది. నల్లజాతి మనిషి. పొగాకు చేలల్లో పనిచేస్తూ పెరిగింది. అయిదుగురు పిల్లల తల్లి. ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్ళకి వేరే వార్డు. జబ్బు మా వదినకొచ్చిందే. రేడియం వైద్యానికి ముందు డాక్టరు ఆ గడ్డలోంచి ఓ చిన్న ముక్క, పక్కన బాగున్నచోటునించి ఓ ముక్క తీసి పరిశోధనశాలకి పంపాడు. ఆవిడకి చెప్పలేదు, అడగలేదు. అతను దుర్మార్గుడై కాదు, ఆ రోజుల్లో అడిగే అలవాటే లేదు. ధర్మవార్డులో పడుకున్నవాళ్ళని అడగాలని బొత్తిగా తట్టదు.

ఆ పరిశోధనశాలలో జార్జి గై, ఆయన భార్య మార్గరెట్, మనిషి కణాల్ని ఒంటికి బయట బతికించాలని ఏళ్ళతరబడి తంటాలు పడుతున్నారు. ఏవి పెట్టినా కొద్దిరోజుల్లో చచ్చేవి. హెన్రియెట్టా గడ్డలోవి చావలేదు. ఒక రోజు తిరిగేసరికి రెట్టింపయ్యేవి. పేరులోంచి రెండక్షరాలు, ఇంటిపేరులోంచి రెండక్షరాలు తీసుకుని వాటికి 'హెలా' అని పేరుపెట్టారు. ఆ ఏడు అక్టోబరు 4న ముప్ఫై ఒక్కేళ్ళకి ఆవిడ పోయింది. కణాలు మాత్రం పోలేదు. గై వాటిని అడిగినవాళ్ళకల్లా ఊరికే పంచాడు. సాక్ పోలియో టీకాని పరీక్షించడానికి వాటిని కుప్పలుతెప్పలుగా పెంచారు. తర్వాత్తర్వాత కంపెనీలు అమ్ముకున్నాయి. ఈనాటికీ అవి ప్రపంచమంతటా లాబొరేటరీల్లో పెరుగుతూనే ఉన్నాయి.

ఆవిడ పిల్లలకి ఇరవై ఏళ్ళపైన ఏమీ తెలీదు. 1970లలో శాస్త్రవేత్తలు వాళ్ళ రక్తం కూడా కావాలని వస్తే అప్పుడు తెలిసింది, అదీ సగం సగం. తల్లి కణాలు బతికున్నాయంటే, అమ్మకి ఇంకా నొప్పి తెలుస్తోందేమోనని కూతురు కుమిలిపోయిందిట. ఆ కణాలమీద కంపెనీలు సంపాదిస్తుంటే, ఆ ఇంట్లో కొందరికి వైద్యబీమాకి కూడా డబ్బుల్లేవు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు మాట్లాడింది మావారే, లెక్కల మనిషి కదా.

"అన్యాయమే, కాదనను. కాని లెక్క చూడు. ఆవిడ పోగొట్టుకున్నది చిటికెన వేలి గోరంత ముక్క. అది తియ్యకపోయినా ఆవిడ దక్కేది కాదు. లోకానికి దక్కింది పోలియో టీకా. మన పిల్లలిద్దరికీ చుక్కలు వేయించావా లేదా? అడిగుంటే పాపం భయపడి వద్దనేదేమో! అప్పుడో?" (చుక్కలమందు సేబిన్‌ది, హెలా కణాలు సాయపడ్డది సాక్ ఇంజెక్షన్‌కి. ఈ తేడాలు ఆయనకి పట్టవు.)

ఆ రాత్రి ఆస్పత్రి బెంచీమీద నాకు నిద్రపట్టలేదు. ఆయన లెక్కలో తప్పెక్కడుందో వెతుకుతూ పడుకున్నాను. తేలిగ్గా కొట్టిపారేసే లెక్క కాదది. కోట్లమంది పిల్లల కాళ్ళు ఒక పళ్ళెంలో, ఒక ఆడమనిషిని అడగని ఒక మాట ఇంకో పళ్ళెంలో పెట్టి తూస్తే ఏది మొగ్గుతుంది? పోలియోవచ్చి కాలీడ్చుకు నడిచిన నా చిన్ననాటి స్నేహితురాలు కళ్ళముందు ఆడితే, అడగడం మానడానికే ఓటెయ్యాలనిపించింది.

కాని అసలు అలా తూచాల్సిన అవసరం ఎక్కడొచ్చింది? అడిగితే అయిపోయేదిగా! అయిదు నిమిషాల పని. వద్దంటుందేమో అంటారా? కాదంటుందేమోనని అడగలేదంటే, కాదనే హక్కు ఆవిడకుందని లోపల ఒప్పుకున్నట్టేగా? మా ఇంట్లోనూ ఇంతే. నేను వద్దంటానని తెలిసిన పనులే మావారు నాకు చెప్పకుండా చేస్తారు. నాకిష్టమైనవి చాటింపువేసి మరీ చేస్తారు.

కాంట్ అని జర్మనీలో ఒక తత్త్వవేత్త, మనిషిని కేవలం పనిముట్టుగా వాడుకోకూడదన్నాడు. ఆ 'కేవలం' అన్న మాటలోనే ఉంది కిటుకంతా. ఒకళ్ళనొకళ్ళం వాడుకోకుండా ఎవరికీ గడవదు. పాలబ్బాయిని నేను వాడుకుంటున్నాను, నన్ను నా సంసారం వాడుకుంటోంది. వాడుకునే ముందు అవతలిది మనిషని ఒక్కసారి తలెత్తి చూడాలి, అంతే. తిరుపతిలో మన తలనీలాలు వేలంవేసి అమ్ముతారని అందరికీ తెలుసు. ఎవరికైనా కష్టం వేసిందా? మనం ఇచ్చామన్న తృప్తి ఉంది. అదే జుట్టు బస్సులో నిద్రపోతుంటే ఎవడైనా కత్తిరించుకుపోతే పోలీసు రిపోర్టిస్తాం.

ఇంకో తమాషా. ఈ జబ్బుని ముందే పట్టుకునే పాప్ పరీక్ష కనిపెట్టింది పాపనికొలావు అనే గ్రీకు డాక్టరు, న్యూయార్కులో. ఇరవై ఏళ్ళపాటు ఆయన ప్రయోగాలకి నమూనాలిచ్చింది భార్య ఆండ్రోమకే. లాబొరేటరీలో చాకిరీ కూడా ఆవిడే చేసింది. ఆవిణ్ణి అడిగే తీసుకున్నాడా, లేకపోతే కాఫీ తెమ్మన్నట్టు "ఏదీ, ఇలా రా" అన్నాడా? అది భార్యాభర్తల మధ్య సంగతి, మనకెందుకు లెండి.

హెన్రియెట్టా కథకి ఇంకో మలుపుంది. హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1980లలో ఈ కాన్సరుకి మూలం హెచ్.పి.వి. అనే వైరస్ అని పట్టుకున్నాడు. ఆ వైరస్‌లో పద్ధెనిమిదో రకం హెలా కణాల్లోనూ కనిపించింది. ఆవిణ్ణి చంపిందేదో ఆవిడ కణాలే చెప్పాయన్నమాట. ఆ దారినే 2006లో టీకా వచ్చింది. 2008లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ టీకా మన ఖమ్మం జిల్లాకీ వచ్చింది. 2009లో, అప్పటికింకా ఒకే ఆంధ్రప్రదేశ్. ఒక విదేశీ సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పదినించి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి వేయించారు. వేలమంది పిల్లలు. అందులో చాలామంది హాస్టళ్ళలో చదువుకునే గిరిజనుల బిడ్డలు. కొందరు పిల్లలు చనిపోయారని గగ్గోలు పుడితే 2010 ఏప్రిల్లో ఆపేశారు. టీకాకీ ఆ చావులకీ సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. అది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే టీకా మంచిదే. కాని అదే విచారణలో ఇంకోటి బయటపడింది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు రెండువేల పైచిలుకు ఫారాలమీద హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు! 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా ఎండగట్టింది.

ఇక్కడ అడగలేదని అనడానికి లేదు. ఫారముంది, గీత ఉంది, గీతమీద సంతకం ఉంది. ద్రోణుడు కూడా ఏకలవ్యుణ్ణి అడిగే తీసుకున్నాడు బొటనవేలు. ఆ అడవిపిల్లవాడికి కాదనే దారుందా? దధీచినీ అడిగారు, ఏకలవ్యుణ్ణీ అడిగారు. మొదటిది విన్నప్పుడు చేతులు జోడిస్తాం, రెండోది విన్నప్పుడు తల దించుకుంటాం. ఖమ్మంలో ద్రోణుడికి ఆపాటి శ్రమ కూడా లేకపోయింది, ఏకలవ్యుడి తరఫున వార్డెన్‌గారే సంతకం పెట్టారు. దాని ఫలితమేమిటంటే ప్రాణం నిలబెట్టే టీకా పేరు చెబితే ఎందరో తల్లులు హడలిపోయారు. అడగని పాపం అక్కడితో ఆగలేదు. ఆనాడు వద్దనుకున్న ఇళ్ళల్లో రేపు ఎవరికి ఈ జబ్బొస్తుందో!

తెల్లవారింది. ఏడింటికి కుర్రడాక్టరొచ్చాడు. నాలుగో కాగితం మీద సంతకం లేకపోవడం చూసి, "పర్వాలేదమ్మా, ఇష్టం లేకపోతే వదిలెయ్యండి," అన్నాడు.

"ఇష్టం లేదని నేననలేదు బాబూ. ఇలా కూర్చుని నాకు తెలిసే తెలుగులో చెప్పు," అంది వదినగారు.

పిల్లవాడు మంచివాడు, కూర్చున్నాడు. పరీక్షకి పోగా మిగిలింది గడ్డకట్టించి దాస్తామన్నాడు. ఈ జబ్బు కొందరికి ఎందుకు తిరగబెడుతుందో, కొందరికి ఎందుకు తిరగబెట్టదో కణం లోపలి జన్యువుల్లో వెతుకుతామన్నాడు.

"వద్దంటే ఆపరేషన్‌లో తేడా చూపిస్తారా?"

"అయ్యో, లేదమ్మా!"

"నా పేరు రాస్తారా దానిమీద?"

"నంబరే ఉంటుంది. పేరు విడిగా తాళంవేసి ఉంచుతాం."

"దాంతో ఏ కంపెనీవాడో మందు చేసి అమ్మితే?"

అతను కాస్త తటపటాయించాడు. "మీకేమీ రాదమ్మా. కాగితంలో మూడో పేజీలో రాసుంది."

"నాకు రాకపోతే పోనీ. ఆ మందు మా పనిమనిషి కొనుక్కోగలదా అని."

"అది మా చేతుల్లో లేదమ్మా," అన్నాడు, తల దించుకుని. అబద్ధం చెప్పనందుకు ఆ అబ్బాయంటే నాకు గౌరవం కలిగింది.

వదినగారు కాసేపు కిటికీలోంచి చూసింది. హెన్రియెట్టా కుటుంబానికి చివరికి ఏమైందని నన్నడిగింది. 2013లో ఆ కణాల జన్యుసమాచారాన్ని కూడా ఎవరినీ అడక్కుండానే బయటపెడితే గొడవైందనీ, అప్పట్నించీ అది ఎవరు చూడాలో తేల్చే సంఘంలో ఆవిడ కుటుంబంవాళ్ళని కూర్చోబెట్టారనీ చెప్పాను. 2023లో ఒక పెద్ద కంపెనీ ఆ కుటుంబంతో రాజీ చేసుకుందనీ చెప్పాను.

"డెబ్భై రెండేళ్ళకి!" అంది. కలం తీసుకుంది. ఇంటిపేరుతో సహా గుండ్రంగా, పలకమీద రాసినట్టు రాసింది. తేదీ వేసింది.

అత్తయ్యగారికి ఇంకో సందేహం వచ్చింది. "ఎన్నాళ్ళు దాస్తారు నాయనా?"

"ఏళ్ళతరబడి ఉంటుంది బామ్మగారూ."

"మా ఫ్రిజ్‌లో పెరుగు నాలుగు రోజులుండదు," అన్నారావిడ.

వదినగారు ఇప్పుడు కులాసాగా ఉంది. ఇంటికొచ్చిన వారానికే కూతురికి ఫోన్‌చేసి పన్నెండేళ్ళ మనవరాలికి టీకా వేయించమంది. "సరేనమ్మా, ఈ ఆదివారమే తీసుకెడతాను," అంది కూతురు. "తీసుకెళ్ళే ముందు ఎందుకో దానికీ చెప్పు, చెయ్యి దానిదే కదా," అంది. ఆ పిల్ల సూదంటే గంట సేపు ఏడ్చి, నూటఎనిమిది ప్రశ్నలేసి, చివరికి సరేనందిట. అడక్కుండా లాక్కెడితే పదినిమిషాల్లో పనైపోయేదని వాళ్ళమ్మ విసుక్కుంది.

మొన్న కొత్త జాకెట్టుగుడ్డ ఇస్తూ టైలరుతో, "మిగిలిన ముక్క నువ్వే ఉంచుకో," అన్నాను. అతను టేపు మెళ్ళో వేసుకుని వింతగా చూశాడు.

"ఎప్పుడూ ఉంచుకుంటూనే ఉన్నాగదమ్మా!" అన్నాడు.